చద్ది కబురు

పెట్కా పండుగ నాడు ఇంట్లో ఉండకూడదనుకుంది పరస్కేవా.

అది ఆమె పేరు పండుగ: పెట్కా అన్నా పరస్కేవా అన్నా ఒకే పునీతురాలు, ఆ పేరు పెట్టుకున్నవాళ్ళందరికీ ఆ రోజు పండుగే. త్రోయాన్‌ ఊళ్ళో పేరు పండుగకు ఎవరినీ పిలవరు. తలుపు తీసి ఉంచితే గుర్తున్నవాళ్ళే వస్తారు. పిలవడం మర్యాద కాదు, ఎందుకు రాలేదని అడగడం అంతకన్నా కాదు. తల్లి పోయాక నాలుగేళ్ళు ఆమె బల్ల నిండా వండి పెట్టుకుని కూర్చుంది. నాలుగేళ్ళూ తనే తింది.

ఈసారి దేవుడిచ్చినట్టు పని దొరికింది.

కొండలెక్కేవాళ్ళ సంఘం వెబ్‌సైటు చూసుకునేది ఆమే. కొండ మీది గుడిసెకు కాపలా ఉండే వెల్కో రోజూ పొద్దున్నే అందులో ఒక ముక్క రాస్తాడు. అక్కడ ఫోను పలకదు, ఉపగ్రహం మీది నెట్ ఒక్కటే; ఆ ముక్కే అతని గొంతు. నాలుగు రోజులుగా ఆ పేజీ పదో తారీఖు దగ్గరే ఆగిపోయింది. "దారి బాగుంది. అడవి గులాబీ పళ్ళు ఎర్రబడ్డాయి."

శనివారం బడిపిల్లలు కొండెక్కుతున్నారు. వానలకు దారి తెగిందో లేదో తెలియాలి. శుక్రవారానికి పేజీ బాగుపడకపోతే పని ఇంకొకరికి అప్పగిస్తానన్నాడు సంఘం కార్యదర్శి.

వెబ్‌సైటుకీ చదివేవాళ్ళకీ మధ్యలో ప్రాక్సీ అని ఒక సర్వర్ ఉంటుంది. అడిగిన ప్రతివాడికీ పొయ్యి వెలిగించకుండా, ఒకసారి వండింది దాచి వడ్డిస్తుంది. ఎప్పుడు పారబోయాలో చెప్పకపోతే చద్దిదే పెడుతూ ఉంటుంది. కిందటి నెల పిండి కొట్టు దగ్గర ఎదురైన వెల్కో అననే అన్నాడు.

"నేను వేడివేడిగా రాస్తా. నీ పెట్టె నిలవ రొట్టె పెడుతుంది. ఇంక నా మాట ఎవరికి చేరుతుంది పరస్కేవా?"

"నీ మాట కోసం ఎవరు కాచుక్కూచున్నార్లే."

అతను తల గోక్కుని పిండి మూట భుజానికెత్తుకున్నాడు.

పండుగ రోజంతా ఆమె ఆఫీసులోనే ఉంది. దాచిన కాపీ తుడిచేసింది. నిమిషంలో పదో తారీఖు మళ్ళీ వచ్చి కూర్చుంది. నిలవ ఉంచే గడువు తగ్గించింది. సర్వర్ ఆపి మళ్ళీ నడిపింది. అవే పళ్ళు, అదే ఎరుపు.

సాయంత్రం ఇంటికొస్తే గుమ్మం ముందు జామ్ సీసా ఉంది, మూతకి గళ్ళ గుడ్డ కట్టి. పై అంతస్తు పెట్కానాదీ ఇదే పండుగ. మెట్లంతా ఆమె చుట్టాల నవ్వులే. ఎవరో అంతస్తు పొరబడ్డారనుకుని సీసా పైకి పట్టుకెళ్ళి ఇచ్చేసింది.

"నీ ఇంటికెవరూ రాలేదటే?" అంది పెట్కానా.

"ఇంట్లో ఉంటే కదక్కా. పని."

మర్నాడు గుట్టు దొరికింది. ప్రాక్సీ వెనకాల, ఎప్పుడో ఎవరో పెట్టి మరిచిపోయిన ఇంకో నిలవ పెట్టె ఉంది. ముందుది ఖాళీ చేసినప్పుడల్లా వెనకది పాతదే అందిస్తోంది. రెండూ ఒకేసారి ఊడ్చేసింది.

పేజీ తెరుచుకుంది. పదిహేను: "పొగమంచు. చెక్క వంతెన దగ్గర దారి తెగింది, పిల్లల్ని పంపకండి." కార్యదర్శికి కబురు పెట్టింది. బతికించావమ్మా అన్నాడతను. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పేజీ కిందికి జరిపింది. పద్నాలుగు: "ఇవాళ గుడిసె మూసి ఉంటుంది."

పదమూడు: "పరస్కేవా, రేపు నీ పండుగ కదా, పిలవక్కర్లేదుగా, ఆ పళ్ళతో జామ్ కాచాను, తాళం వేసి నడిచొస్తున్నా, తలుపు తీసి ఉంచు."