పాత స్లాట్ కార్డుల గిరాకీ

"ఎందుకు కొంటున్నవో చెప్తేనే లోడు కదులుతది," అన్నాడు రాజేశ్వర్, ట్రాలీ ఆటోకు అడ్డంగా నిలబడి.

"పైసలు ముట్టినయి గద సేటూ. ఇంకేంది?" సాముయేలు నవ్వి మాట దాటేశాడు. అతనిది ఎంకపల్లి. కొన్నాళ్లుగా మొయినాబాద్‌లోని రాజేశ్వర్ యూనిట్‌కు వస్తున్నాడు, వచ్చినప్పుడల్లా ఆటో నిండా గ్రాఫిక్స్ కార్డులు పట్టుకుపోతున్నాడు. ఇది ఆఖరి లోడు.

కంప్యూటర్ తెర మీద బొమ్మలు ఆడించే ఆ కార్డులు తయారు చేసేది రాజేశ్వరే. ఈమధ్య కంప్యూటర్లలో కార్డు దూర్చే స్లాట్ మారి కొత్తది వచ్చింది. పాత కార్డు అందులోనూ నిక్షేపంగా పనిచేస్తుంది. అయినా డబ్బా మీద కొత్త స్లాట్ పేరు లేకపోతే చాలు, షాపులవాళ్లు ఆమడ దూరం పోతున్నారు. అట్లా మిగిలిపోయిన సరుకును ఈ సాముయేలు వెతుక్కుంటూ వచ్చి కొన్నాడు. సగానికి సగం తగ్గించి ఇచ్చినా రాజేశ్వర్‌కు నెత్తి మీది బరువు దిగినట్టే అయింది. బరువు దిగింది గానీ కుతూహలం దిగలేదు.

"ఇస్కూళ్లకు అమ్ముతున్నవా?"

"లే."

"కరగబెట్టి రాగి తీస్తున్నవా?"

"రాగి తీస్తే డీజిల్ ఖర్చు గూడ ఎల్లదు సేటూ. జర జరుగుండ్రి."

ఆటో వెళ్లిపోయింది. యూనిట్‌లో తయారీ చూసుకునే సమత గేటు దాకా వచ్చింది.

"ఆయన సంగతి మనకెందుకు సార్? మెమొరీ చిప్పుల సంగతి చూడుండ్రి. అవి రాకపోతే లైన్ బందే."

ఆవిడ అన్నది నిజమే. కొత్త స్లాట్ కార్డులకు ఆర్డర్లు వచ్చి కూర్చున్నాయి. బోర్డులూ సిద్ధంగా ఉన్నాయి. వాటి మీద అతికించే మెమొరీ చిప్పులే లేవు. అందరూ వాటికోసమే ఎగబడుతున్నారు, ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పట్నం నుంచి నిఖిల్ అనే అతను కొంత సరుకు ఇప్పిస్తానంటే, రేటు కూడా సరిగ్గా వినకుండా అడ్వాన్సు కట్టేశాడు. అది వచ్చినా సగం ఆర్డర్‌కే సరి. మిగతా సగానికి చిప్పులు దొరకకపోతే యూనిట్‌లో సగం మందిని ఇంటికి పంపాలి. ఆ మాట వాళ్ల మొహం చూసి చెప్పడం తన వల్ల కాదు. తలచుకుంటేనే రాజేశ్వర్‌కు భయం వేసింది.

"నిఖిల్ ఇస్తనన్నడు గద. ముందు ఆ సాముయేలు ఏం జేస్తున్నడో చూడకుంటే నాకు అన్నం సయించదు," అని కారు తీశాడు.

సమత విసుక్కుంది. విసుక్కుంటూనే కారెక్కింది. ఆవిడకూ తెలుసుకోవాలనే ఉంది మరి.

ఎంకపల్లి చివర ఒక పాత కోళ్ల షెడ్డు ముందు ఆటో ఆగి ఉంది. లోపల సాముయేలు కార్డులు దింపిస్తున్నాడు, బల్లల ముందు ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. ఒకామె కార్డు మీద వేడిగాలి గన్ను పడుతోంది. పక్కనామె చిన్న పట్టకారుతో నల్లటి బిళ్లలను ఒక్కొక్కటే పైకి లేపుతోంది. ఇంకొకామె వాటిని తుడిచి ట్రేలో పేరుస్తోంది. బిళ్లలు ఊడదీసిన కార్డులు గింజలు ఒలిచిన మక్క బెండ్లలా మూలకు కుప్పపడి ఉన్నాయి.

సమత ట్రే మీదికి వంగింది. "సార్, మెమొరీ చిప్పులు. మన కొత్త కార్డుకు పెట్టేవి గూడ ఇవే."

"అంటే?"

"మనం అమ్మిన కార్డు ధర కంటె, దాని మీదున్న చిప్పుల ధరే ఎక్కువైంది సార్ ఇప్పుడు."

రాజేశ్వర్ అక్కడే ఒక డబ్బా మీద కూలబడ్డాడు. స్లాట్ పాతబడిందని ఇన్నాళ్లూ ఏడ్చాడే తప్ప, ఆ కార్డు మీద ఇంకేముందో ఒక్కసారీ చూడలేదు. సాముయేలు మీద కోపం వచ్చింది, మరుక్షణమే తన మీద తనకు సిగ్గేసింది. ఇంతలో అతనిలోని వ్యాపారి లేచి కూర్చున్నాడు. ఇక్కడున్న చిప్పులు చేతికొస్తే మిగతా సగం ఆర్డర్ గట్టెక్కుతుంది!

"సాముయేలూ, ఇవన్నీ నాకే ఇయ్యి."

"అయ్యో, అమ్ముడువోయినయి సేటూ. బ్రోకర్‌కు మాటిచ్చిన. ఆయన ఎవరో పార్టీ తాన అడ్వాన్సు గూడ తీస్కున్నడంట."

"ఆ పార్టీ ఇచ్చేదాని మీద సగం ఎక్కువ నేనిస్త."

"మాట తప్పుడెట్ల?"

"నువ్వు తప్పకు. ఆ పార్టీనే వదులుకొమ్మని అడిగిపియ్యి. డబల్ ఇస్తనను! అడిగితే పోయేదేమున్నది?"

సాముయేలు తల గోక్కుంటూ ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు. షెడ్డు ఇనుప జాలీ సందులోంచి రాజేశ్వర్ కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఆ పార్టీ ఎవడై ఉంటాడు? బెంగళూరువాడా, ఢిల్లీవాడా? ఎవడైతేనేం, డబల్ అంటే వదలకుండా ఉంటాడా!

సాముయేలు తిరిగొచ్చాడు. "ఆ పార్టీ మస్తు అవసరంల ఉన్నడంట సేటూ. అయినా బ్రోకర్ ఇప్పుడే అడిగి చూస్తనన్నడు."

అంతలోనే రాజేశ్వర్ ఫోన్ మోగింది. నిఖిల్.

"సేటూ, మీకిస్తనన్న చిప్పుల గురించే," అవతల నిఖిల్ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "ఎవడో పిచ్చోడంట, మీరిచ్చే రేటుకు డబల్ ఇస్తనని ఒకటే మొత్తుకుంటున్నడంట. వదులుకుంటరా?"