నలభై ఎనిమిది ఎర్రచుక్కలు

"మా సందును నిలువునా చీల్చడానికి మీకు చేతులెలా వచ్చాయండీ?"

దర్జీపని చేసే కోడలు మున్సిపల్ ఆఫీసు హాల్లో లేచి నిలబడి అడిగింది. ప్రజాభిప్రాయ సేకరణ అని గుమ్మానికి ఇంత పొడుగు బ్యానరు కట్టారే గాని, వంద కుర్చీల్లో కూర్చున్నది ముగ్గురంటే ముగ్గురు. ఆమె, ఆమె అత్తగారు, వెనక వరసలో తెల్లచొక్కా మనిషొకడు. ఆఫీసు మనిషే అయ్యుంటాడని అత్తాకోడళ్లు అనుకున్నారు. ఎదురుగా బల్లమీద వార్డుల పటం పరుచుకుని అధికారి కూర్చున్నాడు.

గొడవల్లా ఒక్కటే. కొత్త వార్డుల సరిహద్దు వాళ్ల సందు నడిమధ్య నుంచి పోతోంది. ఎడంచేతివైపు ఇళ్లు ఏడో వార్డు, కుడిచేతివైపువి ఎనిమిదో వార్డు. సందంతా ఒక్కమాట మీద నిలబడి నర్సమ్మను కౌన్సిలర్‌గా గెలిపించుకుంది కనకనే, ఊరి చెత్త తెచ్చి సందు చివర పొయ్యకుండా ఆవిడ నాలుగేళ్లుగా అడ్డుపడుతోంది. ఓట్లు చీలాయా, నర్సమ్మ ఓడిపోతుంది. ఆవిడ ఓడిందా, మర్నాడే చెత్త లారీలు.

అధికారి కోప్పడలేదు సరికదా, బల్లమీది ఫ్యానును తన చేత్తోనే వాళ్లవైపు తిప్పాడు.

"కూర్చోండమ్మా. పెద్దమ్మగారూ, మీరు కూడా. టీ చెప్పనా?"

"టీలూ గీలూ ఏం వద్దు నాయనా. ఆ గీత తుడిచెయ్యి, మా దారిన మేం పోతాం" అంది అత్తగారు.

కోడలు సంతకాల కాగితాలు ముందు పెట్టింది. "అరవై రెండిళ్లలో నలభై ఎనిమిదిళ్లవాళ్లు పెట్టారండీ."

"మిగతా పధ్నాలుగు?"

"వాళ్లు చెత్త కాంట్రాక్టరు మనుషులు లెండి. మాతో కలవరు."

వెనక కుర్చీ కిర్రుమంది.

"ఉత్త సంతకాలు చాలవమ్మా" అన్నాడు అధికారి మెత్తగా. "ఏ ఇల్లు ఎక్కడుందో పటంలో కనబడాలి. మీ సందు నంబర్లు చూస్తే మాకు తల తిరుగుతోంది. పదకొండు పక్కన నలభై, నలభై పక్కన మూడు!"

"ఎవరు ముందు కట్టుకుంటే వాళ్లది ముందు నంబరు. మా మామగారి రోజులనుంచీ అంతే" అంది కోడలు కాస్త గర్వంగానే. కొత్తగా వచ్చిన పోస్ట్‌మన్ కూడా ఆమె కుట్టుమిషను దగ్గరే ఆగి దారి అడుగుతాడు. గుమ్మం గుమ్మానికీ వెళ్లి జాకెట్ల కొలతలు తీసుకున్న మనిషి మరి.

"అయితే మీరే గుర్తు పెట్టండి. సంతకం చేసిన ప్రతి ఇంటికీ ఒక ఎర్రచుక్క."

తెల్లచొక్కా మనిషి లేచి వచ్చి, ముందే చెక్కి ఉంచిన ఎర్రపెన్సిలు ఆమె చేతికిచ్చి, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

అత్తగారు కోడలి మోచెయ్యి గిల్లింది. "ఒసేయ్, ఆగవే. మొన్న కుళాయి కోసం వస్తే కూర్చోమన్న పాపాన పోలేదు వీళ్లు. ఇవాళ ఇంత మర్యాదేమిటే? నా ఒళ్లు జలదరిస్తోంది."

"అది ఫ్యాను గాలి అత్తయ్యా."

కోడలు పటం మీదికి వంగింది. గుడ్డమీద సుద్దతో గుర్తులు పెట్టినంత జాగ్రత్తగా మొదలుపెట్టింది. ఇది మేస్త్రీది, ఇది కవలలవాళ్లది, ఇది మేడమెట్లు ఊడినవాళ్లది. చివరికి అత్తగారే ఉండబట్టలేకపోయింది.

"అది కాదే మొద్దూ! దాని పక్కిల్లు. ఆ గయ్యాళి మన మొహాన తలుపేసుకుంది కదా, దానికెందుకు చుక్క?"

నలభై ఎనిమిదీ పూర్తయ్యాయి. అధికారి పటాన్ని వెలుతురుకెత్తి చూసుకున్నాడు.

"ఇంత శుభ్రంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదమ్మా. కాసేపు బయట కూర్చోండి. అభ్యంతరాలకు అయిదింటి వరకే గడువు, ఆ లోపలే తేల్చేస్తాం."

వాళ్లు వరండాలోకి రాగానే వెనక తలుపు గడియ పడింది. తెల్లచొక్కా మనిషి బయటికి రాలేదు. మసక అద్దంలోంచి రెండు తలలు బల్లమీదికి వంగి కనబడ్డాయి.

కోడలు నర్సమ్మకు ఫోన్ చేసింది. "గీత పోయినట్టే వదినా! పాపం, మంచివాళ్లే."

గోడగడియారం అయిదు కొట్టాక గానీ తలుపు తెరుచుకోలేదు. అధికారి ముద్రవేసిన కాగితం అందించాడు.

"మీ అభ్యంతరం మన్నించాం. సందు మధ్య గీత తీసేశాం."

కోడలు రెండు చేతులూ జోడించింది. అత్తగారు మాత్రం నేరుగా బల్ల దగ్గరికి పోయింది. పాత గీత నిజంగానే లేదు. దాని బదులు తడి ఆరని సిరాతో మూడు కొత్త గీతలు ఇళ్ల మధ్య నుంచి వంకర్లు తిరుగుతూ పోతున్నాయి.

"ఇవేమిటి నాయనా?"

తెల్లచొక్కా మనిషి అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు.

"రెండు ముక్కలు చేస్తే ఎటోవైపు మీరే నెగ్గి మళ్లీ మా లారీల్ని ఆపేస్తారేమోనని మాకూ బెంగగానే ఉండేది పెద్దమ్మా. మీ చుక్కలు చూశాక నాలుగు ముక్కలు చేశాం, వార్డుకి మీవి పన్నెండేసి ఇళ్లే."