రెండో పూత

పేటెంట్ ఆఫీసులో ఆవిడ పని ఒక్కటే. కొత్తదంటూ ఎవరేం పట్టుకొచ్చినా "ఇందులో కొత్తేముంది?" అని అడగడం. ఇంట్లో తన వంట చూసి భర్త అదే ప్రశ్న అడిగితే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఈసారి వచ్చింది ఇనుముకి తుప్పు పట్టకుండా వేసే పూత. అడుగు పూత పాతదే, పై పూతా పాతదే. అడుగుది బాగా ఆరాకే పైది వెయ్యమని పాత పేటెంట్లు రెండూ చెబుతున్నాయి. అలా వేస్తే ఏడాది తిరిగేసరికి పొరలు లేచిపోతాయి. ఈ కంపెనీ మాత్రం అడుగుది సగం ఆరగానే పైది వేస్తే ఇక ఊడదంటోంది.

ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టే సంగతే అయితే తిరస్కరించాలి. కాకపోతే ఇరవై ఏళ్లు ఆ పద్ధతి కంపెనీ సొత్తు.

తట్టే సంగతిలాగే ఉంది. ఆవిడ భయమూ అదే. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే తిరస్కరిస్తే, "జవాబు చదివాక ఎవరికైనా సులువే" అని పై అధికారి ఫైలు వెనక్కి పంపాడు. మూడోసారీ తప్పితే ప్రమోషన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

జవాబు చదవని పనిమంతుడు కావాలి. ఇంట్లోనే ఉన్నారు. మామగారు నలభై ఏళ్లు ఇనుముకి రంగులు వేసి రిటైరైన మనిషి. ఎక్కడెక్కడ పనిచేశారో అడిగే తీరిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

కంపెనీ దరఖాస్తు బ్యాగులోనే ఉంచి, పాత పేటెంట్లు రెండూ చదివి వినిపించింది.

"పొరలు లేచిపోతున్నాయి మామయ్యా. మీరైతే ఏం చేస్తారు?"

ఉల్లిపాయలు తరుగుతున్న ఆయన తల కూడా ఎత్తలేదు.

"అడుగుది పూర్తిగా ఆరనివ్వకూడదమ్మా. వేలు పెడితే జిగురు తగలాలి, రంగు అంటకూడదు. ఓ నలభై నిమిషాలు."

దరఖాస్తులో ఉన్నదీ నలభై నిమిషాలే. ఆవిడకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"అయితే ఇది అందరికీ తెలిసిందేనా?"

"చెయ్యి తిరిగినవాడికి తెలీకుండా ఉంటుందా?" అన్నారు. కత్తి పక్కన పెట్టి అడిగారు. "అలా రాస్తే ఆ పద్ధతి ఎవరిదవుతుంది?"

"ఎవరిదీ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు."

"అయితే రాసెయ్యి తల్లీ."

రాసేసింది. పై అధికారి మొదటిసారి మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఆవిడ ఆ రోజంతా నేలమీద నడవలేదు.

నెల తిరక్కుండానే కంపెనీ నుంచి జవాబొచ్చింది. అంత సులువైన సంగతికి మా షెడ్డులో ఆరేళ్లెందుకు పట్టిందని అడుగుతూ, ప్రయోగాల పుస్తకం కాపీ జతచేశారు. ఆవిడ నవ్వుకుంటూ తిరగేసింది. పది నిమిషాలు, కారిపోయింది. రెండు గంటలు, లేచిపోయింది. పేజీల నిండా ఇవే.

ప్రతి పేజీ కింద, ప్రయోగం చేసినవారు అన్నచోట, మామగారి సంతకం ఉంది.