ఉన్ని పెట్టె

దాన్యూబ్ నది కట్ట దాటొచ్చి గొర్రెల దొడ్లను ముంచిపోయిన ఏడాది. నీళ్ళు తీశాయి, ఒండ్రు ఎండింది, ఆ వెంటనే కోషవా అనే ఈదురుగాలి లేచింది. ఇసుకదిబ్బల నడుమ ఉన్న అటవీ కాపలా ఇంట్లో దెసాంకా సంచీలో బట్టలు సర్దుకుంటోంది.

“రేపు పొద్దుటి బస్సుకి పోతున్నా,” అంది మొగుడితో.

“ఇవాళొక్కరోజు ఆగు,” అన్నాడు స్వెతోజార్.

“ఆగీ ఆగీ నా గుండెలోనూ ఒక ఇసుకదిబ్బ లేచింది. తారా కొండల్లో మా చెల్లెలింటి దగ్గర దుమ్మే ఉండదట. జనం హాయిగా పడుకుని నిద్రపోతారట. ఈ దుమ్ముకి ఊపిరాడక నేను గోడకానుకుని కూచుని నిద్రపోవడం ఎప్పట్నించో నీకేమైనా గుర్తుందా?”

గుర్తుంది. అతను మాట మార్చాడు.

“మధ్యాహ్నం జీపు పరీక్ష. నెగ్గితే ఇంజినీరు నన్ను తారా వర్క్‌షాపుకి మార్పిస్తానన్నాడు. ఇద్దరం కలిసే పోదాం.”

“జీపు తుమ్మితే నీకు నిద్ర పట్టదు. నేను దగ్గితే మాత్రం లేచిపోయి గొర్రెబొచ్చు దువ్వుకుంటూ కూచుంటావు. ఆ జీపునే పెళ్ళి చేసుకోవాల్సింది!”

“దానికి వంట రాదు.”

దెసాంకా నవ్వబోయింది. నవ్వు సగంలోనే దగ్గయిపోయింది. తలుపు చౌకట్టు పట్టుకుని, అది ఆగేదాకా కళ్ళు మూసుకుని నిలబడింది. స్వెతోజార్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆ ఇసుకలో తిరిగే బండి ఏదీ ఎక్కువకాలం బతకదు. మెత్తటి ఇసుక గాలితోపాటు ఇంజిన్లోకి పోయి దాన్ని అరగదీస్తుంది. అందుకే అటవీశాఖ బళ్ళు బాగుచేసే స్వెతోజార్ వాళ్ళ జీపుకి కొత్త ముక్కు కట్టాడు. గాలి పీల్చే గొట్టాన్ని బండి కప్పు కంటే పైకి లేపాడు. కొసన ఒక రేకు టోపీ. అందులో గాలి సుడి తిరిగి, బరువైన ఇసుక కింది గిన్నెలోకి రాలిపోతుంది. మిగిలిన సన్నదుమ్ము కోసం ఒక పెట్టె. దాని నిండా కడగని ఉన్ని పొరలు. గొర్రె ఒంటి జిడ్డు ఇంకా పోని ఉన్ని అది, తగిలిన దుమ్మును వదలదు.

మధ్యాహ్నం ఇంజినీరు ప్రెద్రాగ్ వచ్చి జీపులో పక్కన కూచున్నాడు. పరీక్ష కోసం ముందు ఒక ట్రాక్టరు దుంగను ఈడ్చుకుంటూ దుమ్ము లేపుతూ పోయింది. ఆ దుమ్ములో అకేసియా చెట్ల తెల్లటి పూరేకులు కలిసి ఎగిరాయి. దారి లేదు, ఆకాశం లేదు. ఎవరో పాలలో బండి తోలుతున్నట్టుంది. ఇంజిన్ సన్నగా, నిద్రలో ఊపిరి తీసినట్టు మోగుతోంది. స్వెతోజార్ చెవి దానిమీదే ఉంది. ఇలాగే ఎప్పటికీ పోతూ ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత పెద్దదిబ్బ వచ్చింది. సగం ఎక్కేసరికి జీపు బరువెక్కింది. కలలో పరిగెత్తేవాడి కాళ్ళలా చక్రాలు కదిలీ కదలకుండా ఆడాయి. వెనక నల్లపొగ వచ్చింది. ఇంజిన్ ఆగిపోయింది.

ప్రెద్రాగ్ దిగి పెట్టె వెనక గొట్టం ఊడదీశాడు. జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీసి లోపల తుడిచాడు. ఎండకెత్తి చూశాడు.

“అమ్మతోడు మేస్త్రీ! నా పెళ్ళిచొక్కా కూడా ఇంత తెల్లగా లేదు. ఒక్క రేణువు కూడా లోపలికి పోలేదు.”

“మరింకేం?”

“గాలి కూడా పోలేదుగా! గోధుమగడ్డి గొట్టంతో చిక్కుళ్ళ పులుసు తాగమన్నట్టుంది దాని పని. దిబ్బ ఎక్కాలంటే ఇంజిన్‌కి గుక్కనిండా గాలి కావాలి. ఎన్ని పొరలు కుక్కావసలు?”

“లెక్కపెట్టలేదు.”

“సుమారుగా?”

“దెసా దగ్గినప్పుడల్లా ఒకటి.”

ప్రెద్రాగ్ రుమాలు మడతపెట్టాడు. మడిచిందే విప్పి మళ్ళీ మడిచాడు.

“సగం తీసెయ్, ఇంకోసారి చూద్దాం.”

“సగం తీసి చూశా. దుమ్ము వస్తుంది.”

“అయితే బదిలీకి నేనేం రాయను మేస్త్రీ? జీపుకి పాత ఫిల్టరే బిగించు. ఆ పెట్టె నువ్వే ఉంచుకో.”

సాయంత్రం స్వెతోజార్ గుమ్మంలో నిలబడి, “నెగ్గలేదు,” అన్నాడు.

“తెలుసు. ట్రాక్టరుకి కట్టి లాక్కురావడం కిటికీలోంచి చూశా.” దెసాంకా పొయ్యి మీది కుండ చూపించింది. “చిక్కుళ్ళు వండి పెట్టా. నేను పోయాక వేడి చేసుకు తిను. ఉన్నిసాక్సులు పై అరలో ఉన్నాయి. రోజూ మార్చుకో, నీకు మతిమరుపు.”

“ఊఁ.”

“ఊఁ తప్ప ఇంకో మాట లేదా? పెళ్ళాం వెళ్ళిపోతోందయ్యా!”

అతను ఆ కుండ వంక చూశాడు, తర్వాత గోడవార నిలబెట్టిన ఆమె దిండు వంక చూశాడు.

మర్నాడు తెలతెలవారుతుండగా, ఆమె గోడకానుకుని కునుకుతుంటే, అతను రెంచీ పట్టుకుని జీపు దగ్గరికి పోయాడు.

బస్సు వేళకే వచ్చింది. మలుపులో ఆగి హారన్ కొట్టింది. ఎవరూ రాలేదు. గాలి ఇంకా తగ్గలేదు, ఇసుక తెరలు తెరలుగా రోడ్డు దాటుతోంది. డ్రైవరు మళ్ళీ కొట్టాడు. చివరికి తిట్టుకుంటూ దిగి, కాలరు పైకి లాక్కుని ఇంటిదాకా నడిచొచ్చాడు.

“దెసాంకా అక్కా! వస్తున్నావా, పొమ్మంటావా?”

పడకగది కిటికీ కింద, బయట గోడవార పీట మీద కూచున్న స్వెతోజార్ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. అతని పక్కన జీపు బ్యాటరీ ఉంది. దాని తీగల కొసన, జీపులోంచి ఊడదీసిన హీటరు ఫ్యాను గుయ్యిమంటూ గాలిని కిటికీలోంచి లోపలికి తోస్తోంది.

డ్రైవరు తలెత్తాడు. కిటికీలోంచి జీపు గొట్టం కప్పు మీదికి లేచి ఉంది. కిటికీలో బిగించిన ఉన్ని పెట్టె అవతల దెసాంకా వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది.