సన్యాసిరావు చేతి ఇంజను

"ఇది ఇంజనా, పొయ్యా?" అంటూ ఉమామహేశ్వర్, సన్యాసిరావు షెడ్డు ముందు ఆపిన తన కారు బానెట్ మీద ఒక్కటి చరిచాడు. సైలెన్సర్‌లోంచి వచ్చిన నీలంపొగ టాటానగర్ సాక్చి బజారు సగం కప్పేసింది. పక్క కొట్లో పూరీలు తింటున్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు.

సన్యాసిరావుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా మీద అరిత్తే ఏటి లాబం బాబూ? పోయినేడు సిలిండర్లు రీబోరు సేసి, కొత్త పిస్టన్లేసి ఇచ్చినాను. బంగారంలా నడిసింది. ఆ తరవాత మీరు దాన్నేటి సేసినారు? అది సెప్పండి."

"ఏం చేశానా? కలకత్తా కారు ర్యాలీలో సగం దారిలో దిగి తోసుకున్నాను. వెనకొచ్చినవాళ్లు నవ్వుకుంటూ పోయారు. అంతే చేశాను!"

ఉమామహేశ్వర్ కార్ఖానాలో ఇంజనీరు. అగ్రికో కాలనీలో క్వార్టరు, వంటిమీద కంపెనీ చొక్కా, బుర్రనిండా కారు పందేలు. తన పాత ఫియట్‌కి రెండు కార్బురేటర్లు పెట్టించి గాలిలా తోలతాడు. ఆ పందేల కార్లకు ఊళ్లో పేరున్న మెకానిక్ సన్యాసిరావు. శ్రీకాకుళం నుంచి వచ్చి టాటానగర్ స్టేషన్లో దిగిననాడు అతనికి చేతిలో పని తప్ప ఏమీ లేదు. సన్యాసిరావు చెయ్యి పడితే ఇంజను గురించి మర్చిపోవచ్చని ఇప్పుడు ఊరంతా అంటుంది. ఆ పేరు ఈ ఒక్క కారు దగ్గర గంగలో కలుస్తోంది. రీబోరు చేశాక ఇంజను ఇలా పాడవడం ఇది రెండోసారి.

ఇంజను దింపి విప్పారు. బేరింగుల నిండా గరుకు కాగితంతో రుద్దినట్టు గీతలు. ఇద్దరూ చూశారు. ఇద్దరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు.

"చూశావా? బోరు కొట్టాక లోపలి ఇనుప రజను కడగలేదు మీవాళ్లు!"

"రజనా? పందెమంటే సాలు, గాలి ఫిల్టరు పీకేసి తోలతారు మీరు. సైబాసా రోడ్డు దుమ్మంతా ఎక్కడికెల్తాది, ఆకాశంలోకా?"

"ఈసారి ఫిల్టరు తియ్యలేదయ్యా!"

"సంపినా నమ్మను. నా షెడ్డులోంచి ఇన్ని బళ్లు బాగయ్యి ఎల్తన్నాయి. మీదొక్కటే ఎందుకు సత్తాది? తప్పు తోలేవోడిది!"

ఆ మాటతో ఉమామహేశ్వర్ కోపం రెట్టింపయింది.

"నీతో వాదన వద్దు. కలకత్తా నుంచి కొత్త ఇంజను తెప్పిస్తున్నాను."

"సిలిండర్లకి స్లీవులేసి ఈ ఇంజన్నే మల్లీ లేపుతాను బాబూ. కొత్తది తెచ్చినారంటే సన్యాసిరావు సేతకాక వదిలేసినాడంతారు. మరే పందెం కారూ ఈ షెడ్డుకి రాదు."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు మెత్తబడింది. ఉమామహేశ్వర్ మాత్రం మెత్తబడలేదు. "అననీ" అని రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు.

మిగిలిన కోపానికి ఎవరో ఒకరు కావాలి కదా. సన్యాసిరావు ఫిట్టరు మీదికి తిరిగాడు. షెడ్డు తెరిచిన నాటినుంచీ ఉన్నవాడు అప్పలసూరి.

"సూరీ! బోరు కడిగింది నువ్వే కదా?"

"అద్దంలా కడిగినాను అన్నా. నా పిల్లల తోడు."

"పిల్లల్ని లాగకు. రేపట్నించి రాకు. ఖతం!"

అప్పలసూరి స్పానరు నేలకేసి కొట్టి, వెనక్కి చూడకుండా పోయాడు. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న వరహాలమ్మ, కొడుకు కేసి గుర్రుగా చూసింది.

"ఆడేటి సేసినాడ్రా పాపం?"

"నువ్వూరుకోవే అమ్మా! ఇంజన్ల సంగతి నీకేటి తెలుసు?"

కొత్త ఇంజను కంపెనీ సీలుతో చెక్కపెట్టెలో దిగింది. ఉమామహేశ్వర్ దాన్నీ, కారునూ వేరే షెడ్డుకు తీసుకుపోతుంటే సన్యాసిరావు ఎదురెళ్లి దారికడ్డంగా నిలబడ్డాడు.

"సీలు మీద సెయ్యెయ్యను బాబూ. కూకోబెట్టి, బోల్టులు బిగించి, ఆయిలు పోసి ఇచ్చేత్తాను. బస్, అంతే. ఇది పాడవకుండా నడిసిందా, తప్పు నాది, నా షెడ్డు పేరుబోర్డు నేనే దింపేత్తాను. ఇదీ పోయిందా, తప్పు మీ తోలకందని కారు పందేల కలబ్బులో అందరి ముందరా ఒప్పుకోవాల."

"ఒప్పుకుంటాను. నువ్వు నిచ్చెన సిద్ధంగా పెట్టుకో!"

ఈసారి సన్యాసిరావు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. కొత్త డబ్బా కదా అని వదలకుండా ఆయిలు కూడా గుడ్డలో వడగట్టి పోశాడు. బిగింపు అయ్యాక కుళాయి కింద స్నానం చేసొచ్చాడు. పందెం కారు అప్పజెప్పే ముందు అది అతని రివాజు. అతను వచ్చేసరికి వరహాలమ్మ బానెట్‌కు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉంచింది.

ఉమామహేశ్వర్ సన్యాసిరావు మొహం కూడా చూడలేదు. ముసలమ్మకు మాత్రం వంగి దణ్ణం పెట్టాడు. "సల్లగా ఎల్లిరా బాబూ" అందామె. నిమ్మకాయలు చితికాయి. కారు పొగ చుక్క లేకుండా వీధి మలుపు తిరిగింది.

సన్యాసిరావు డ్రమ్ము మీద కూలబడి తన బోర్డు కేసి చూశాడు.

"కొత్తింజను పాడవదే అమ్మా. నా బోర్డు దిగిపోద్ది" అన్నాడు. కోపంలో మొదటిసారి ఏడుపు కలిసింది.

వరహాలమ్మ కొడుకు వీపు నిమిరింది.

"నువ్వు బెంగెట్టుకోకు. ఆ బాబు తోలకం సూత్తే నాకెప్పుడూ బయమే. అందుకే ఆ బండి ఒక్కదానికే సేత్తాను."

"ఏటి సేత్తావు?"

"ఎప్పట్లాగే ఇంజను ఆయిలు మూత తీసి, గుప్పెడు అమ్మోరి బూడిదేసినాన్రా."