ఖాళీ బుట్ట తాత

పాప మొదటి రాయి మీద కాలు పెట్టింది. వెంటనే తీసేసింది.

"అమ్మా, రాయి కదులుతోంది."

"రాయి కాదే, నీ కాలు కదులుతోంది."

పాప తల్లి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వాగు పెద్దదేం కాదు. పెద్దవాళ్ళకి మోకాలి లోతు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వరసగా రాళ్ళు. వాటి మధ్య నుంచి నీళ్ళు మాత్రం ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తుతాయి.

తల్లి చిన్నప్పుడు ఈ రాళ్ళ మీదుగానే బడికి వెళ్ళేది. దగ్గర్లో పనుండి వచ్చి, పనిగట్టుకుని పాపని ఇక్కడికి తీసుకొచ్చింది.

పాపకి అన్నిటికీ భయమే. జారుడుబల్ల ఎక్కదు. ఆటల పీరియడ్‌లో అందరి బ్యాగులకీ కాపలా కూర్చుంటుంది. "మీ అమ్మాయి బంగారమండీ, కూర్చోబెట్టిన చోటు నుంచి కదలదు" అని టీచరమ్మ మెచ్చుకుంది. ఆ మెప్పు తల్లికి ముల్లులా దిగింది.

"నీ వయసులో నేను ఒక్కదాన్నే దాటేదాన్ని. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు."

"పడలేదా?"

"పడితే తడిసేదాన్ని. తడిస్తే ఖాళీ బుట్ట తాత తిట్టేవాడు."

పాప ఏడుపు సగంలో ఆపింది. "ఎవరు?"

"అదిగో, రాళ్ళకి కాస్త దిగువన వాగుకి చెరోవైపు రెండు గుంజలున్నాయే, వాటికి వల కట్టి బండ మీద కూర్చునేవాడు. పక్కన బుట్ట. బడికి వెళ్ళేటప్పుడు చూసినా ఖాళీ, వచ్చేటప్పుడు చూసినా ఖాళీ."

"ఒక్క చేప కూడా పడలేదా?"

"ఒక్కటీ లేదు. తప్పేమో మాది. 'మెల్లగా అడుగెయ్యండి, చేపలు బెదురుతాయి' అని ఒకటే గొణుగుడు. మేమేం తక్కువ తిన్నామా? 'తాతా, ఇవాళైనా కూరుందా, పచ్చడి మెతుకులేనా?' అనేవాళ్ళం."

పాప కిసుక్కున నవ్వింది.

"పద, ఉన్నాడేమో చూద్దాం. ఇల్లు అదే."

గుమ్మంలో ముసలమ్మ బియ్యం ఏరుతోంది.

"తాత ఉన్నారా, అమ్మమ్మా?"

"ఆయన పోయి ఏడాది దాటింది తల్లీ. నువ్వెవరు?"

తాతని ఆటపట్టించడానికి తల్లి దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

"ఈ వాగు దాటి బడికి వెళ్ళేదాన్ని. అప్పుడు తాత చేపలు పడుతుండేవారు..."

"చేపలా?" ముసలమ్మ చేట పక్కన పెట్టింది. "తాళ్ళు పేనేవాడమ్మా ఆయన. చేప వాసనొస్తే ఇంట్లో నిలబడేవాడు కాదు. నన్ను ఏనాడూ వండనివ్వలేదు."

"మరి రోజూ వల వేసేవారు కదా?"

"వేసేవాడు. ఎందుకయ్యా అంటే నవ్వేవాడు. ఎగువన వంతెన కట్టాక పిల్లలు ఇటు రావడం మానేశారు, తనూ వల వెయ్యడం మానేశాడు. వలని మాత్రం వదల్లేదు. ఏటా కొత్త తాడు పేని బాగుచేసేవాడు. ఎవరో ఒకరు రాకపోరులే అనేవాడు."

"ఆ వల ఉందా, అమ్మమ్మా? పాపకి ఒకసారి చూపిస్తాను."

"అటక మీదుంది. తీసుకుపో. అది పోతే నాకు అటక మీద చోటైనా మిగులుతుంది."

ఒడ్డున వల పరిచారు. వేలి లావు తాడు. పాప ఒక కంతలో చెయ్యి పెట్టింది. భుజం దాకా దూరింది.

"అమ్మా, ఇంతింత కంతల్లోంచి చేపలు పోవూ?"

"పోతాయి," అంది తల్లి. అని ఆగిపోయింది.

పాప తల కూడా దూర్చబోయింది. చెయ్యి పట్టింది కానీ తల పట్టలేదు.

తల్లి వలని చూసింది. గుంజల్ని చూసింది. ఎగువన రాళ్ళని చూసింది.

చిన్నప్పుడు ఒక వానాకాలం ఉదయం ఆ రాళ్ళ మీంచి జారిపడింది తను. నీళ్ళు ఈడ్చుకుపోతుంటే వీపుకి తాళ్ళు తగిలాయి. తాత వచ్చి లేవనెత్తాడు, జడ పిండాడు. "నా వలంతా పాడు చేశావు కదే. పో, మొదటి రాయి నుంచి మళ్ళీ రా. మెల్లగా" అని కసిరాడు. ఉక్రోషంతో ముక్కు ఎగబీలుస్తూ మళ్ళీ దాటింది. కోపంలో భయం సంగతే మర్చిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో గొప్పలు పోయింది, ఒక్కదాన్నే దాటానని.

తల్లి లేచి వలని గుంజలకి కట్టింది. ఒక్కో ముడి మీదా తన బరువంతా వేసి లాగి చూసింది. చేతి సంచి పక్కన పెట్టుకుని బండ మీద కూర్చుంది.

"నువ్వు రావా అమ్మా?"

"నాకు చేపల పనుంది. నీ దారిన నువ్వు దాటు."

పాప కాసేపు తల్లినీ వలనీ మార్చి మార్చి చూసింది. తర్వాత మొదటి రాయి మీద కాలు పెట్టింది. ఈసారి తియ్యలేదు. రెండో కాలు గాల్లోకి లేచింది.

తల్లి తల పక్కకి తిప్పుకుంది, చూడనట్టు. వల అంచు మాత్రం రెండు చేతులా బిగించి పట్టుకుంది.

"మెల్లగా అడుగెయ్యి," అని గొణిగింది. "చేపలు బెదురుతాయి."