చంద్రమోహన్ లాగిన్

మూడేళ్ల మొలక పరీక్షల వివరాలు పోయిన రోజు, బత్తలపల్లెలోని ఆ విత్తనాల కంపెనీలో టీ ఎవరూ ముట్టలేదు. మధ్యాహ్నం మూడింటికి తనిఖీ అధికారులు వస్తున్నారు. ఆ వివరాలు చూపిస్తేనే వేరుశనగ మూటలకు అమ్మకానికి పనికొస్తాయని ట్యాగులు కడతారు. పొద్దున కంప్యూటర్ డిస్కు చెడిపోయింది. బ్యాకప్ ఉందిలే అని తెరిస్తే, అందులోనూ ఆ ఫోల్డర్ లేదు.

"ఊరికే యాడికీ పోదు. ఎవురో తీసేసినారు," అన్నాడు యజమాని వీరప్ప. "తీసేసినోడు ఈ పొద్దే ఇంటికి పోతాడు." అంటూ రామాంజనేయులు వైపే చూశాడు. వివరాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించేది అతనే.

"నేనెందుకు తీసేస్తా సార్? మూడేండ్లు వేళ్లు అరిగేట్టు ఎక్కించింది నేనే కదా!"

"అది కూడా తేలుతాదిలే. ప్రసూనమ్మా, చూసి చెప్పు."

కంప్యూటర్లు చూసుకోవడానికి ప్రసూన ఆ కంపెనీలో చేరి పదహారు రోజులు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే పేజీ ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచింది. ఒక వరుసను రెండుసార్లు చదివింది.

"పేరుండాదా?"

"ఉండాది సార్."

"చెప్పు మరి!"

"చంద్రమోహన్."

ప్రసూనకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చంద్రమోహన్. చనిపోయి నాలుగు నెలలైంది. ఫోల్డర్ తీసేసింది మొన్న మంగళవారం.

"అయ్యో నా సామీ, పోయినాక కూడా డూటీకి వస్తాండాడా!" అంది టీ గ్లాసులు పట్టుకొని నిలబడ్డ నల్లమ్మ. పరీక్షల గది చూసుకునే నారాయణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆయన రాలేదు. ఆయన పేరుతో ఇంకెవరో తెరిచినారు," అంది ప్రసూన. "ఆయన పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

అందరూ నేల చూశారు. నల్లమ్మే కిటికీలోంచి వేలు చూపింది. బయట షెడ్డులో దుమ్ము పట్టిన మోటారుసైకిల్ నిలబడి ఉంది.

"ఆయప్ప బండి నంబరే కదమ్మా! ఎవురడిగినా 'పోయి బండి చూసుకో పో' అనేవాడు."

ఆ తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. రామాంజనేయులు తన పాస్‌వర్డ్ మర్చిపోయి రెండేళ్లట. నారాయణమ్మ పేరుతో తెరిస్తే మొలకల ఫోటోలు ఎక్కవట. "చంద్రమోహనన్న పేరుతో అయితే ఏదైనా ఎక్కుతాది," అందామె. చూడటానికి, మార్చడానికి, తీసేయడానికి, అన్నిటికీ హక్కున్న పేరు అదొక్కటే. కంపెనీలో పద్నాలుగు మందికీ అదే దారి.

"అందరూ అందరే!" అన్నాడు వీరప్ప. "అయినా తీసేసినోడు ఒకడే. వాడెవుడు?"

పేజీలో ఆ పేరు పక్కనే ఇంకో రెండు వివరాలు ఉన్నాయి. ప్రసూన వాటిని ఇందాకే చూసింది. ఒకసారి రామాంజనేయులు ముఖం చూసింది. చెప్పక తప్పలేదు.

"మంగళవారం పొద్దున ఆరుంపావుకు సార్. మీ గదిలో కంప్యూటర్ నుంచి."

"అంత పొద్దున్నే నా గదిలోకి ఎవురొస్తారు?"

"మీరే వస్తారు సార్," అన్నాడు రామాంజనేయులు, చాలా మెల్లగా.

వీరప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "బ్యాకప్‌లో చోటు నిండిందని ఎర్రగా ఏదో వచ్చింటే... పాతవి కదా అని..." ఆగాడు. "ముందునుంచీ చంద్రమోహనే తెరిచి ఇచ్చేవాడు. నా పేరుతో తెరిచేది నాకు రాదు."

"అయితే ఇప్పుడు ఇంటికి ఎవురు పోవాల సార్?" అడిగింది నారాయణమ్మ.

"నేనే పోతా. ఇంట్లో ఉగ్గాని చేసింటారు."

అందరూ పకపకా నవ్వారు. వీరప్ప నల్లమ్మ చేతిలోంచి ఒక గ్లాసు తీసుకొని తానే రామాంజనేయులుకు అందించాడు. "తాగప్పా. చల్లారిపోతాండాది."

"బ్యాకప్‌కు ఇంకో నకలు అనంతపురంలో ఉండాది సార్," అంది ప్రసూన, పేజీ కిందిదాకా చూసి. "ఈడనుంచి దాన్ని ఎవరూ తీసేయలేరు. చంద్రమోహన్ గారే అట్లా పెట్టిపోయినారు."

ఒంటిగంటకల్లా వివరాలన్నీ తిరిగొచ్చాయి. సాయంత్రానికి మూటలకు ట్యాగులు పడ్డాయి.

మర్నాడు ప్రసూన అందరినీ వరుసగా కూర్చోబెట్టింది. ఎవరి పేరు వారిది, ఎవరి పాస్‌వర్డ్ వారిది. బండి నంబర్లు పనికిరావు. రామాంజనేయులు వివరాలు ఎక్కించవచ్చు, నారాయణమ్మ ఫోటోలు పెట్టవచ్చు. ఏదైనా తీసేయాలంటే మాత్రం ఒకరు అడగాలి, ఇంకొకరు సరేననాలి.

"సరేననేది నేను," అన్నాడు వీరప్ప. "నేను నొక్కందే ఈడ ఒక్క అక్షరం కూడా పోకూడదు."

"అట్లే సార్. మీ ఫోన్‌కే వస్తాది. మీరు అడిగితే మాత్రం నేను నొక్కాల."

"నా మీద కూడా కాపలానా! మంచిదేలే." నాలుగుసార్లు తప్పుగా కొట్టి, అయిదోసారి తన పేరుతో తెరవడం నేర్చుకున్నాడు. స్క్రీన్ మీద తన పేరు చూసి మురిసిపోయాడు కూడా. అంతలోనే ముఖం బిగించాడు. "ముందు ఆ చంద్రమోహన్ పేరు తీసెయ్. పోయినోని పేరుతో పనులు జరిగేదేంది? ఈ పొద్దే తీసెయ్."

ప్రసూన ఆ పేరుకున్న హక్కులన్నీ ఒక్కొక్కటే తీసేసింది. పేరు ఒక్కటే మిగిలింది. 'తొలగించు' అని నొక్కగానే వీరప్ప ఫోన్ మోగింది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"కండ్లద్దాలు ఇంటికాడ మర్చిపోయినా. మళ్లా నొక్కుతాలే," అన్నాడు, ముక్కు మీది కళ్లద్దాలు సర్దుకుంటూ.

ఏడు వారాలైంది. ఎవరు ఏది తీసేయాలని అడిగినా, పొలంలో ఉన్నా సరే, వీరప్ప నిమిషంలో నొక్కేస్తున్నాడు. చంద్రమోహన్ పేరు తీసేయడానికి మాత్రం ఆయన అనుమతి ఇంకా రాలేదు.